కింద ఎవరూ లేని స్తంభం

మా ట్రైనింగ్ సెంటర్‌కి ఆరు వీఆర్ హెడ్‌సెట్లు వస్తే, మొదటి వారంలోనే వాటిలో ఒకదాన్ని నేను ఎండలో పెట్టి చంపేశాను. కావాలని చేసిన పని కాదు. చెమట పట్టిన హెల్మెట్‌ని ఎండలో వెల్లకిలా పెట్టి ఆరబెట్టడం కరెంటు లైన్ల మీద బతికినవాడికి అన్నం తిన్నాక చేయి కడుక్కున్నంత అలవాటు. హెడ్‌సెట్ లోపలి స్పాంజి తడిగా ఉంది కదా అని కిటికీ గట్టు మీద, కళ్లకు ఆనే అద్దాలు సూర్యుడి వైపు ఉండేట్టు పెట్టి భోజనానికి వెళ్లాను. ఆ అద్దాలు భూతద్దాల్లా ఎండని పోగుచేస్తాయని నాకెవరూ చెప్పలేదు. వచ్చి చూసేసరికి లోపలి తెర మీద పసుపు మచ్చ, దాని నడుమ నల్లగా కాలిన చుక్క ఉన్నాయి.

ఆ పెట్టెల్ని తీసుకొచ్చిన ఇంజనీరమ్మ కాకినాడ వైపు నుంచి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో స్థిరపడ్డవాళ్ల అమ్మాయి. నన్ను తిట్టలేదు. "మీరు హెల్మెట్ అనుకున్నారండీ. దీనికి ఎండ పడదండీ, నీడ పట్టున ఉంచాలండీ" అంది, చంటిపిల్ల గురించి చెప్పినట్టు. తిడితే బాగుండేది. నా వయసుకి ఆ మెత్తదనం తిట్టు కంటే ఎక్కువే తగిలింది.

లైన్ల పనిలో కొత్తగా చేరుతున్న మీ కోసం ఇదంతా రాస్తున్నాను. నేను లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. చివరి రెండేళ్లు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కి దగ్గర్లో ఉన్న ఆ సెంటర్‌లో స్తంభం ఎక్కడం నేర్పాను. వెనక యార్డులో కరెంటు లేని ఎనిమిది ఇనుప స్తంభాలు, ఎక్కడానికి వాటికి అటూ ఇటూ కొట్టిన కడ్డీలు ఉండేవి. ఇప్పుడు వాటి సంఖ్య తగ్గించి హెడ్‌సెట్లు పెంచారని విన్నాను. మంచిదే. అయితే ఆ హెడ్‌సెట్‌లో ఏముంటుందో, ఏముండదో నాకు తెలిసినంత మీకు ఇంకా తెలియదు.

దాని గొప్ప ఏమిటంటే దానికి ఎవరి తోడూ అక్కర్లేదు. వెనక తోకలా వైరు లేదు, పక్కన కంప్యూటర్ లేదు, అన్నీ ఆ డబ్బాలోనే. సంచిలో వేసుకుని ఏ సబ్‌స్టేషన్‌కైనా పట్టుకుపోవచ్చు. తలకి పెట్టుకుని, చేతుల్లోకి రెండు పిడులు తీసుకుంటే చాలు, ముప్పై అడుగుల స్తంభం మీద ఉంటాం. జారితే కళ్లు తిరుగుతాయి తప్ప ఎముక విరగదు. ఇంజనీరమ్మ మనుషులు సీతాఫల్‌మండిలో తెల్లవారుజామున స్తంభాలూ మేడలూ ఎక్కి వేల ఫోటోలు తీసి, వాటితో లోపల ఒక పేట కట్టారు. దానిలో ఎప్పుడూ తెల్లవారుతూనే ఉంటుంది. డాబాల మీద నీళ్ల ట్యాంకులు, దండెం మీద కదలని దుప్పటి, గాలిలో ఎగురుతూ ఎగురుతూ అలాగే నిలిచిపోయిన పావురాలు. ఎక్కడో ఒక వంటింట్లో లైటు. సందుల్లో ఒక్క మనిషి ఉండడు.

ఇది దండగ పని అని మొదటి రోజు అందరిముందూ అన్నవాణ్ణి నేను, నెల తిరక్కుండానే ట్రైనీలంతా భోజనాలకు వెళ్లాక తలుపు దగ్గరగా వేసి దాన్ని పెట్టుకోవడం మొదలుపెట్టాను. స్తంభం చివర నిలబడి ఆ వెలుగులో పేటని చూస్తూ ఉండేవాణ్ణి. చెవులు మాత్రం మూసుకుపోవు దాంట్లో. కళ్లు సీతాఫల్‌మండిలో, చెవులు బోయిన్‌పల్లిలో. ఆ నిద్రపోతున్న డాబాల మీదుగా మార్కెట్ లారీల హారన్లు, హమాలీల కేకలు వినబడేవి. ఎవరో పక్కగదిలో మాట్లాడుతుంటే మనకి కల వస్తున్నట్టు ఉండేది. మోకాళ్లు నొప్పి లేకుండా స్తంభం మీద నిలబడి అప్పటికి ఎన్నేళ్లయిందో.

రెండు గంటలు నిండకుండానే చార్జింగ్ అయిపోయి, కల మధ్యలో తెర నల్లబడేది. తీసి చూసుకుంటే బరువంతా మోసిన నుదుటి మీద ఎర్రటి వాత. నూనె రాసిన తలలకి పట్టీ జారిపోతుంది. కళ్లజోడు వాళ్ల తిప్పలు చెప్పనక్కర్లేదు. బయట మూలకొకటి చొప్పున నాలుగు గుండ్రటి చిన్న కెమెరాలు ఉంటాయి. అవి గదిని చూస్తూ మన తల ఎటు తిరిగిందో, చెయ్యి ఎక్కడుందో కనిపెడతాయి. గదిలో వెలుతురు తగ్గితే వాటికి దారి తప్పి, లోపలి పేట పోయి అవి చూస్తున్న గదే తెర మీద కనబడుతుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటి ఉందని నాకు తెలియజెప్పినవాడు ఒక లైన్‌మన్.

పదకొండేళ్లు అతను నా కింద సీతాఫల్‌మండిలోనే పనిచేశాడు. పైన అతను, కింద నేను. మా పాత లైన్‌మన్లలో ఒక అలవాటు ఉండేది, ఏ రూల్ బుక్కులోనూ లేదు. పైకి ఎక్కేవాడు మధ్యమధ్య "కిందున్నవా?" అని అడుగుతాడు. కింద మనిషి స్తంభానికి అరచెయ్యి ఆనించి "ఉన్న" అంటాడు. చూడకుండానే అడుగుతాడు, ఆలోచించకుండానే చెబుతాం. బూటు కడ్డీ మీద పడినప్పుడల్లా ఇనుములో సన్నటి అదురు అరచేతికి తెలుస్తుంది. రోజుకి యాభైసార్లు అనుకునే ఆ రెండు మాటలకి విలువ ఉందని ఇద్దరికీ గుర్తుండేది కాదు. అతను నన్ను "అన్నా" అనేవాడు. ఆఫీసులో పెద్దవాళ్ల ముందు కూడా అదే పిలుపు.

ఒక మధ్యాహ్నం లైన్‌లో కరెంటు ఆపించి అతన్ని పైకి పంపాను. నా ఫోన్ మోగింది. లారీ చప్పుడులో వినబడక, ముప్పై అడుగులు నడిచి ఇరానీ హోటల్ నీడలోకి వెళ్లాను. ఏదో బదిలీ కబురు, నాది కూడా కాదు. ఆ కాసేపట్లో పక్క సందులోని ఫంక్షన్ హాల్‌లో జనరేటర్ వేశారు. వాళ్ల వైరింగ్ సరిగ్గా లేక ఆ కరెంటు వెనక్కి తన్ని మేము చంపిన లైన్‌లోకి వచ్చింది. బెల్టు విప్పి పక్కకి మారుతున్నాడు అతను. చెవికి ఫోన్ లేకుండా స్తంభం దగ్గర ఉండి ఉంటే జనరేటర్ చప్పుడు నాకు వినబడేది, ఒక్క కేక వేసేవాణ్ణి. అతను ఒక బట్టల కొట్టు రేకుల మీద పడి, అక్కణ్ణుంచి నేల మీద పడ్డాడు. తుంటి విరిగింది, ఎడమ చెయ్యి కాలింది.

విచారణలో నేను స్తంభం దగ్గరే ఉన్నానని రాసి సంతకం పెట్టాను. ఆస్పత్రి మంచం మీద అతన్ని అడిగితే, అవును, సార్ అక్కడే ఉన్నాడు అన్నాడట. అన్నా కాదు, సార్. అప్పటి నుంచీ నేను అతనికి సార్‌నే. మీరు, మీరు అని పిలుస్తూ ఎంతో మర్యాద చూపించాడు. ఆ మర్యాద నన్ను కాల్చుకు తినేది.

ఏడాది తర్వాత అతను మా సెంటర్‌కి వచ్చాడు. ఎముకలు అతికాయి, డాక్టర్ సరే అన్నాడు, కానీ స్తంభం ఎక్కలేకపోతున్నాడు. దసరా మర్నాడు ఒక పెద్ద ఇంజనీరు వచ్చి చూస్తాడు. ఆ రోజు ఎక్కితే మళ్లీ లైన్ మీదికి, లేకపోతే జీవితాంతం ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కుర్చీ. కుర్చీ అంటే కొందరికి వరమే. అతనికి కాదు. "ఫోన్ల దగ్గర కూసుంటే నేను బతుకుత గని, నేను నేను కాను సార్" అన్నాడు నాతో, బూట్లకేసి చూస్తూ.

ఇంజనీరమ్మ అతన్ని హెడ్‌సెట్‌తో మొదలుపెట్టించింది. మొదటి రోజే చివరిదాకా ఎక్కాడు. హాలు మధ్యలో జంపఖానా మీద నిలబడి, రెండు చేతులూ గాలిలో ఒకదాని పైన ఒకటి వేస్తూ, మొహంలో నేను ఏడాదిగా చూడని నిమ్మళంతో ఎక్కాడు. పైకి చేరాక చాలాసేపు కదల్లేదు. ఏం చూస్తున్నావని అడిగితే, "మా డాబా కనబడుతుంది సార్. దండెం మీద మా దుప్పటే" అన్నాడు. ఆ పేటలో ఎప్పుడూ కదలని దుప్పటి వాళ్లింటిదని అప్పుడు తెలిసింది నాకు.

అయితే తీసి పక్కన పెట్టి యార్డులోకి వస్తే మూడో కడ్డీ దగ్గర ఆగిపోయేవాడు. కిందికి ఒకసారి చూసేవాడు, చేతులు బిగుసుకుపోయేవి. రోజూ అదే వరస, అదే మూడో కడ్డీ. "లోపల మంచిగనే ఎక్కుతున్న సార్. బయటనే కాళ్లు మాట ఇంటలేవు" అనేవాడు. ఎత్తంటే భయం పోయింది కదా, మరి ఇదేమిటని ఇంజనీరమ్మ తల పట్టుకునేది. డబ్బాలో బరువు తెలియదు, గాలి తెలియదు, చేతికి ఇనుము తగలదు, అందుకే అని నేను పెద్దగా తెలిసినట్టు చెప్పాను. అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం అది కాదు.

దసరా నాడు ఆయుధపూజ. కటింగ్ ప్లయర్లు, బెల్టులు, హెల్మెట్లు, నిచ్చెనలు, ఎర్తింగ్ కడ్డీలు అన్నీ కడిగి వరసగా పేర్చాం. మా స్టోర్ చూసుకునే ఆమె పొద్దున్నే గంధం, కుంకుమ తడిపి పళ్లెంలో పెట్టుకుని ఒక్కోదానికీ బొట్టు పెడుతోంది. పూజ అయ్యాక ఆ రోజుకి పనిముట్లని ముట్టుకోం, అవి విశ్రాంతి తీసుకోవాలి. నేను మామిడాకులు కడుతూ, బీరువాలో ఉండిపోయిన ఐదు హెడ్‌సెట్లు గుర్తొచ్చి తెప్పించాను.

"గీ కండ్ల డబ్బలకు సుత పెట్టాలెనా సార్?" అందామె.

"వాటికి సుత పెట్టు. గవి మనయి కావా?"

"యాడ పెట్టాలె? నుదురు లేకపాయె వీటికి."

"గుండ్రాలు నాలుగున్నయి కద, వాటి మీద పెట్టు. సక్కగుంటది."

అవి కెమెరాలని నాకు తెలుసు. తెలిసే అన్నాను. స్విచ్‌బోర్డుకి బొట్టు పెడితే లైటు వెలగడం మానేస్తుందా, ఇదీ అంతే అనుకున్నాను కాబోలు, లేదా ఏమీ అనుకోలేదేమో. ఆమె చేతి పనితనం బంగారం. ఐదు హెడ్‌సెట్లకి ఇరవై కళ్లు, ఇరవై బొట్లు, ఒక్కటీ పక్కకి పోలేదు. పక్కపక్కనే పెడితే ఐదుగురు పేరంటాళ్లు కూర్చున్నట్టే ఉన్నాయి. ఫోటో కూడా తీసుకున్నాను.

మర్నాడు పదింటికి పెద్ద ఇంజనీరు వచ్చాడు. ముందు హాల్లో హెడ్‌సెట్‌తో చూపించి, ఆ ఊపులోనే యార్డులోకి తీసుకెళ్లాలని మా ఏర్పాటు. లైన్‌మన్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఇంజనీరమ్మ పెద్ద ఇంజనీరుకి ఏదో వివరిస్తూనే, చేతిలోకి చూడకుండా హెడ్‌సెట్ ఆన్ చేసి, అప్పటికే కళ్లు మూసుకుని నిలబడ్డ అతని తలకి తొడిగింది. అతను పిడులు పైకెత్తాడు. అడుగు వేయబోయి తూలాడు.

"ఊరు కదులుతుంది సార్" అన్నాడు. "నేను తల తిప్పితే స్తంభం సుత నా వెంబడే వస్తుంది."

"ఇప్పుడు?" అన్నాను, ఇంజనీరమ్మ వెనక నుంచి పట్టీ బిగించాక.

"ఇప్పుడు ఊరే లేదు. అంత ఎర్రగుంది."

ఇంజనీరమ్మ ముందుకి వచ్చి డబ్బా నాలుగు మూలలూ చూసింది. తర్వాత మెల్లగా, "కెమెరాల మీద బొట్లు పెట్టారండీ" అంది. స్టోర్ ఆమె నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. పూజ బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతట అదే రాలాలని స్టోర్ ఆమె పట్టుదల. అయినా ఇంజనీరమ్మ తడిగుడ్డతో తుడిచింది. కుంకుమ కరిగి గంధంతో కలిసి కెమెరా చుట్టూ ఉన్న సందుల్లోకి జారింది. రెండో హెడ్‌సెట్‌దీ అంతే, మూడోదీ అంతే. పెద్ద ఇంజనీరు వాచీ చూసుకుని, ఈ బొమ్మలాటతో పనేముంది, బయటికి పదండి అన్నాడు.

యార్డులో మొదటి స్తంభం. నేను కింద నిలబడ్డాను. అతను నడుముకి బెల్టు సరిచూసుకుని, ఒకటి, రెండు, మూడు కడ్డీలు ఎక్కాడు. కిందికి చూశాడు. ఆగిపోయాడు. పెద్ద ఇంజనీరు చేతిలోని కాగితం తిప్పి కలం తీశాడు. లైన్‌మన్ చొక్కా వీపు మీద చెమట మరక పెద్దదవుతూ ఉండటం నాకు కనబడుతోంది. దగ్గరికి జరిగి, అతనికి మాత్రమే వినబడేట్టు అడిగాను.

"లోపల గంత మంచిగ ఎక్కుతవు. ఈడ ఏమైతుంది నీకు?"

ఇనుముకేసి చూస్తూనే అన్నాడు. "లోపల కిందికి చూస్తే ఎవరుండరు సార్. లేరని ముందుగాల్నే తెలుసు. పరేషాన్ లేదు." కిందికి, నా వైపు చూశాడు. "ఈడ మీరుంటరు."

కోపంగా అనలేదు. చార్జింగ్ అయిపోయింది సార్ అన్నంత మామూలుగా అన్నాడు. అన్నాళ్లూ అతనికి ఎత్తంటే భయమనుకున్నాం. అతని భయం నేను. హెడ్‌సెట్‌లో ఉన్నవాడు ఒంటరిగా ఉంటాడు, అతనికేం కనబడుతోందో పక్కవాడికి తెలియదు. అది దాని లోపమని నేను తరగతిలో చెప్పేవాణ్ణి. అతనికి మాత్రం ఆ ఒంటరితనమే ధైర్యం ఇచ్చింది. నమ్మి మోసపోవడానికి అందులో ఎవరూ లేరు కదా.

ఏడాదిగా గొంతులో ఉన్నది ఇక ఆగలేదు. వెనక్కి తిరగకుండానే, అందరికీ వినబడేట్టు అన్నాను. "ఆ రోజు నేను స్తంభం కాడ లేను. ఫోన్ వస్తే హోటల్ కాడికి పోయిన. ఉన్నానని రాసింది అబద్ధం." పెద్ద ఇంజనీరు కలం ఆగింది. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అయినా ఊపిరి మాత్రం హాయిగా ఆడింది.

మార్కెట్ లారీ ఒకటి గేటు ముందు నుంచి వెళ్లిపోయేదాకా అతను మూడో కడ్డీ మీదే ఉన్నాడు. తర్వాత అడిగాడు.

"ఫోన్ యాడుందన్నా?"

"జేబుల."

"ఆమెకియ్యి."

స్టోర్ ఆమె కుంకుమ అంటిన చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చేశాను. స్తంభానికి అరచెయ్యి ఆనించాను. పొద్దున ఎండకి ఇనుము అప్పుడే వెచ్చబడుతోంది. నాలుగో కడ్డీ మీద బూటు పడింది, అరచేతిలో అదురు తెలిసింది. ఐదు. ఆరు.

"కిందున్నవా?"

"ఉన్న."

ఎన్నిసార్లు అడిగాడో లెక్క లేదు. ప్రతి కడ్డీకీ అడిగాడు. ప్రతిసారీ చెప్పాను. చివరికి చేరి బెల్టు వేసుకున్నాక, అక్కణ్ణుంచి మార్కెట్ వైపు, రేకుల షెడ్ల మీద నిజంగా ఎగురుతున్న పావురాల వైపు చూస్తూ, ఎవరితోనో కాదు తనలో తాను అన్నట్టు, "గాలొస్తుందన్నా" అన్నాడు. ఆ డబ్బాలో నలభై రోజులు స్తంభం ఎక్కినవాడు అన్న మాట అది.

దిగొచ్చాక స్టోర్ ఆమె నా ఫోన్ తిరిగిచ్చింది. మీ ఫోన్ నాలుగుసార్లు మోగింది సార్, పిలిస్తే సుత ఇనలే మీరు అంది. నేను నిజంగానే వినలేదు.

అతను లైన్ మీదికి వెళ్లాడు. నాకు మెమో వచ్చింది, విచారణ మళ్లీ తెరిచారు, రిటైర్మెంట్ కాగితాలు చాలాకాలం ఆలస్యమయ్యాయి. ఇరవై కళ్ల సంగతి మీద ఇంజనీరమ్మ రాసిన నివేదికలో మాత్రం నా పేరు లేదు. 'పండుగ సందర్భంగా కెమెరాలు తాత్కాలికంగా పనిచేయలేదు' అని రాసిందట. మర్యాదస్తురాలు. వాటిలో ఒక హెడ్‌సెట్‌కి కుంకుమ ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. అది పెట్టుకుని లోపలి పేటలోకి వెళ్లకుండా ఊరికే బయటికి చూస్తే, గది ఒక మూల ఎప్పుడూ తెల్లవారుతున్నట్టు ఎర్రగా ఉండేది.

నా చివరి పనిదినాన దండలూ మాటలూ అయ్యాక, మావాళ్లూ లైన్ల మీంచి వచ్చినవాళ్లూ అందరూ యార్డులో టీ తాగుతుంటే ఆ హెడ్‌సెట్టే తీసుకుని హాల్లోకి వెళ్లాను. చివరిసారి ఎక్కాను. అదే వెలుగు, అవే పావురాలు, అదే దుప్పటి. పైకి చేరి కిందికి చూశాను. సందు ఖాళీగా ఉంది. కింద ఎవరూ లేకపోవడం ఈసారి నచ్చలేదు. ఎన్నో రోజులు నన్ను హాయిగా నిలబెట్టిన చోటే అది. అలవాటు కొద్దీ నోరు దానంతట అదే అడిగేసింది.

"కిందున్నవా?"

చెవులు మూసుకుపోవని చెప్పాను కదా. దగ్గర్లోనే, నా వెనకే, జంపఖానా మీద చెప్పులు లేని పాదాల చప్పుడైంది. ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించారు.

"ఉన్న అన్నా."

నేను వెంటనే హెడ్‌సెట్ తీయలేదు. చార్జింగ్ అయిపోయేదాకా ఆ స్తంభం మీదే ఉన్నాను.